పంప్‌హౌస్ తలుపు మీద పాస్‌వర్డ్

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎంటెక్‌లో గ్రామీణ తాగునీటి పథకాల మీద ప్రాజెక్టు చేస్తున్నారు. గైడ్ గారు దానికి "కీలక మౌలిక వసతుల సైబర్ భద్రత, సుస్థిరాభివృద్ధి" అని పేరు పెట్టారు. నీళ్ల ట్యాంకుకీ, సోలార్ పంపుకీ హ్యాకర్‌తో పనేంటి, ఈ రెండు మాటలకీ నిజంగా పొత్తు ఉందా, లేక పేపర్ బరువుగా కనిపించడానికి అతికించారా అని మీ అనుమానం.

పొత్తు ఉంది. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది నీళ్లు, ఏడోది కరెంటు, తొమ్మిదోది మౌలిక వసతులు అని పట్టిక గీసి, ఒక్కోదాని పక్కన "సైబర్ ముప్పు" అని బాణం వేస్తే పేపర్ తయారవుతుంది గానీ ఆ పొత్తు మాత్రం కనబడదు. అందుకని పంప్‌హౌస్ నుంచి మొదలుపెడతాను.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ వాణ్ని. ఇరవై ఏళ్లు దాటింది సబ్‌స్టేషన్లలో, నీటి పథకాల్లో స్కాడా (దూరం నుంచే పరికరాలను చూస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) పెట్టడం, పాడైతే వెళ్లి చూడటం మొదలుపెట్టి. సెక్యూరిటీలోకి ముచ్చటపడి రాలేదు, దెబ్బ తిని వచ్చాను. కొన్నేళ్ల కిందట ఒక పథకం నుంచి ఫోన్ వచ్చింది. రాత్రిపూట ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లిపోతోంది, పంపు దానంతట అది ఆగడం లేదు, వచ్చి చూడమన్నారు. సెన్సార్ పోయిందనుకుని కొత్తది బ్యాగులో వేసుకుని వెళ్లాను.

వెళ్లి చూస్తే సెన్సార్ బాగానే ఉంది. పంపు ఆగాల్సిన లెవెల్ ఎంత అనే అంకెను పీఎల్‌సీలో, అంటే పంపును నడిపించే చిన్న కంప్యూటర్‌లో, ఎవరో మార్చారు. ట్యాంకు ఎత్తు కంటే ఎక్కువ పెట్టారు. ఇక ఆ లెవెల్ ఎప్పటికీ రాదు, పంపు ఎప్పటికీ ఆగదు. ఎవరు మార్చారో తేలడానికి మూడు రోజులు పట్టింది. అంతకుముందు ఆ పని చేసిన కాంట్రాక్టరు దగ్గరి కుర్రాడు, ఎక్కడో కూర్చుని ఇంకో ఊరి పంపుకు సెట్టింగు మారుస్తున్నానని అనుకుని దీనికి మార్చాడు. కాంట్రాక్టు అయిపోయి ఏడాది దాటినా అతని లాగిన్ పనిచేస్తూనే ఉంది. అన్ని పంప్‌హౌస్‌లకూ ఒకటే పాస్‌వర్డ్. అది ప్యానెల్ తలుపు లోపలివైపు స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది. రౌటర్‌లో మామూలు సిమ్, బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ ఏదీ లేదు.

ఆ ఊరిని నిజానికి కాపాడింది పంప్ ఆపరేటర్. ట్యాంకు బయట పాత పద్ధతి ఫ్లోటు ఉంది. లోపల బంతి తేలుతుంటే, బయట గోడ మీద అడుగుల లెక్క రాసిన స్కేలు పక్కన ముల్లు కిందికీ పైకీ కదులుతుంది. తెర పంపు ఇంకా నడవాలంటుంటే, గోడ మీది ముల్లు ట్యాంకు నిండిందంటోంది. ఆయన గోడనే నమ్మాడు. ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పి పంపు ఆపేశాడు. టైము లాగ్‌బుక్కులో రాసిపెట్టాడు. ఆ తర్వాత వచ్చిన ఆధునికీకరణ టెండర్‌లో, అన్నీ ఆటోమేటిక్ కదా అని ఆ ఫ్లోటు స్కేలు తీసేశారు. స్విచ్ సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు దీన్ని తలకిందులుగా ఊహించుకోండి. ఆ కుర్రాడి చోట కావాలని చేసేవాడు ఉంటే? ఊహించక్కర్లేదు, జరిగింది. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో మురుగునీటి పంపుల కంట్రోల్ సిస్టమ్ పెట్టిన కాంట్రాక్టరు దగ్గర పనిచేసిన ఒకతను, తర్వాత అక్కడి కౌన్సిల్‌లో ఉద్యోగం అడిగితే రాలేదు. కారులో రేడియో పరికరం, ల్యాప్‌టాప్ పెట్టుకుని తిరుగుతూ పంపులకు ఆదేశాలు పంపాడు. లోపల ఉపయోగించిన అదే సాఫ్ట్‌వేర్, అదే భాష. 8 లక్షల లీటర్ల మురుగునీరు పార్కుల్లోకి, వాగుల్లోకి, ఒక హోటల్ ఆవరణలోకి పారింది. చేపలు చచ్చిపోయాయి, నీళ్లు నల్లబడ్డాయి. అధికారులు చాలా రోజులు దాన్ని పరికరాల లోపమనే అనుకున్నారు. సైబర్ దాడికి పర్యావరణ నష్టం అని మీ పేపర్‌లో ఒక ఉదాహరణ రాయాలంటే ఇదే రాయండి. అతనికి రెండేళ్ల జైలు పడింది.

కంట్రోల్ పరికరాలు ఇంత అమాయకంగా ఎందుకుంటాయని అడుగుతారు. పంప్‌హౌస్‌ల్లో ఎక్కువగా వాడే మోడ్‌బస్ అనే భాష 1979లో పుట్టింది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే తీగ మీద ఉన్న పరికరాలు మాట్లాడుకోవడానికి. అందులో "ఈ రిజిస్టర్‌లో (అంకె దాచుకునే గడిలో) 300 రాయి" అంటే రాసేస్తుంది. నువ్వెవరు అని అడగడం దానికి తెలియదు, ఆ మాట ఆ భాషలోనే లేదు. తీగ గది దాటనంతకాలం గది తాళమే పాస్‌వర్డ్. తర్వాత మనం ఆ తీగను రౌటర్‌కు కలిపాం, సిమ్ వేశాం, ఏఈ గారి ఫోన్‌లోకి యాప్ ఇచ్చాం. తాళం సంగతి మరిచిపోయాం.

ఆ మరుపుకు ధర ఉక్రెయిన్‌లోని ల్వీవ్ నగరం కట్టింది. 2024 జనవరి, బయట గడ్డకట్టే చలి. ఒక చోట వేడిచేసిన నీళ్లను పైపుల్లో ఇళ్లకు పంపే హీటింగ్ వ్యవస్థ కంట్రోలర్లకు దాడి చేసినవాళ్లు మోడ్‌బస్‌లో నేరుగా ఆదేశాలు పంపారు. 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకు దాదాపు రెండు రోజులు వేడి అందలేదు. కంట్రోలర్లు తప్పు కొలతలు చూపిస్తున్నాయి, పైపుల్లో చల్లటి నీళ్లు తిరుగుతున్నాయి. లోపలికి వచ్చిన దారి ఒక రౌటర్. అదీ అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లోనే.

అదే దేశంలో 2015 డిసెంబర్ 23న జరిగింది మాత్రం మా వృత్తిలో అందరికీ కంఠతా వచ్చిన కథ. మీరూ వివరంగా తెలుసుకోవాలి. పశ్చిమ ఉక్రెయిన్‌లో ఒక కరెంటు పంపిణీ కంపెనీ కంట్రోల్ రూమ్. మధ్యాహ్నం షిఫ్టు ముగియబోతోంది. ఒక ఆపరేటర్ ఎదుట తెర మీద మౌస్ బాణం దానంతట అది కదిలింది. ఒక సబ్‌స్టేషన్ బ్రేకర్ (తెరిస్తే కరెంటు పోయే, మూస్తే వచ్చే పెద్ద స్విచ్) మీదికి వెళ్లి క్లిక్ చేసింది, నిర్ధారించమని వచ్చిన పెట్టెలో మళ్లీ క్లిక్ చేసింది. ఒక ప్రాంతం చీకటైపోయింది. అతను మౌస్ పట్టుకుని లాగాడు, లొంగలేదు. ఆనక లాగౌట్ అయిపోయాడు. మళ్లీ లోపలికి వెళ్దామంటే పాస్‌వర్డ్ మారిపోయింది. అలా బాణం ఒక్కో బ్రేకర్ తెరుచుకుంటూ పోతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

మూడు కంపెనీలు, 30 దాకా సబ్‌స్టేషన్లు, సుమారు 2,25,000 మంది వినియోగదారులు. దాడి చేసినవాళ్లు కంట్రోల్ సెంటర్ల యూపీఎస్‌ను కూడా ఆపించారు, చీకట్లో కూర్చోబెట్టడానికి. కస్టమర్ల ఫోన్లు కలవకుండా కాల్‌సెంటర్‌ను దొంగ కాల్స్‌తో నింపేశారు. కంప్యూటర్లను చెరిపేశారు. సబ్‌స్టేషన్‌లో ఆదేశాలు చేరవేసే చిన్న కన్వర్టర్ పెట్టెల ఫర్మ్‌వేర్‌ను (లోపలి మూల సాఫ్ట్‌వేర్‌ను) పాడుచేసి, అవి మళ్లీ ఎప్పటికీ మాట వినకుండా చేశారు. ఇదంతా మొదలైంది ఆ ఏడాది వసంతంలో ఆఫీసు సిబ్బందికి వచ్చిన ఒక ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో. నెలల తరబడి లోపల తిరిగారు, లాగిన్లు పోగుచేశారు, ఆఫీసు నెట్‌వర్క్ నుంచి కంట్రోల్ నెట్‌వర్క్‌లోకి వీపీఎన్ (దూరం నుంచి లోపలికి వెళ్లే ప్రైవేటు దారి) మీదుగా దర్జాగా నడిచి వెళ్లారు. ఆ వీపీఎన్‌కు పాస్‌వర్డ్ ఒక్కటే, రెండో తాళం లేదు. మన సామెతలో దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయి. ఇక్కడ కరెంటు పోయాక గానీ ఎవరికీ తెలియలేదు.

ఇంతా చేస్తే కరెంటు ఒకటి నుంచి ఆరు గంటల్లో తిరిగి వచ్చింది. ఎలా? మనుషులు వ్యాన్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి, బ్రేకర్లను చేత్తో మూశారు. అక్కడి పరికరాలు పాతవి, చేత్తో నడిపే అలవాటు ఇంకా పోలేదు. ఇదే దాడి పూర్తిగా ఆటోమేట్ అయిన, సబ్‌స్టేషన్‌లో మనిషే లేని చోట జరిగి ఉంటే ఆరు గంటల్లో తేలేది కాదని నా అభిప్రాయం.

మీ రెండో మాట, సుస్థిరాభివృద్ధి, ఇక్కడే వచ్చి కలుస్తుంది. మనం పచ్చదనం పేరిట, పొదుపు పేరిట చేస్తున్న ప్రతి మార్పూ ఏదో ఒక చోట మనిషి చేతిని తీసేసి సాఫ్ట్‌వేర్‌ను పెడుతోంది. తప్పని అనను. నీటి వృథా తగ్గాలంటే లీకు ఎక్కడో తెలియాలి, తెలియాలంటే సెన్సార్ ఉండాలి. సోలార్, గాలిమరలు గ్రిడ్‌లో ఎక్కువ కావాలంటే నిమిషానికోసారి లెక్క తెలియాలి. బొగ్గు తగ్గించిన ప్రతి మెగావాట్ వెనకా కొన్ని వందల మెసేజ్‌లు తిరుగుతుంటాయి. థర్మల్ ప్లాంటుకు ఒక గేటు, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటారు. లక్ష ఇళ్ల మీది సోలార్‌కు లక్ష గేట్లు, కాపలా ఇంట్లో వైఫై పాస్‌వర్డ్.

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన రోజే ఒక ఉపగ్రహ ఇంటర్నెట్ నెట్‌వర్క్ మోడెంల మీద దాడి జరిగింది. గురి ఉక్రెయిన్ సైన్యం సమాచార వ్యవస్థ మీద. దెబ్బ మాత్రం జర్మనీలో కూడా పడింది. ఎనర్కాన్ కంపెనీ గాలిమరలు 5,800 దాకా, మొత్తం 11 గిగావాట్ల సామర్థ్యం, రిమోట్ పర్యవేక్షణ నుంచి తప్పిపోయాయి. మోడెంలు చచ్చిపోయాయి కాబట్టి మనుషులు వెళ్లి మార్చాల్సి వచ్చింది, వారాలు పట్టింది. గాలిమరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. లింకు పోతే తమంతట తాము సురక్షితంగా నడిచేలా వాటిని ముందే తయారుచేశారు. దాడిలో పోయినదాని కంటే పోనిదాని వల్లే నాకు ఈ ఉదాహరణ ఇష్టం.

జర్మనీదే ఇంకొకటి ఉంది, దీంట్లో హ్యాకరే లేడు. అక్కడ పాత సోలార్ ఇన్వర్టర్లన్నీ (ప్యానెళ్ల కరెంటును గ్రిడ్‌కు పనికొచ్చేలా మార్చే పెట్టెలు) మామూలుగా 50 ఉండే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే వెంటనే ఆగిపోవాలనే నిబంధనతో బిగించారు. ఇన్వర్టర్లు తక్కువున్న రోజుల్లో అది మంచి నిబంధనే. గిగావాట్ల లెక్కన పెరిగాక, ఫ్రీక్వెన్సీ కాస్త ఎక్కగానే అన్నీ ఒకే క్షణంలో ఆగిపోతే గ్రిడ్ కూలిపోతుందని అర్థమైంది. 2012లో ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి మూడు లక్షలకు పైగా సోలార్ యూనిట్ల సెట్టింగు మార్చాల్సి వచ్చింది. ఒకే సెట్టింగు లక్షల చోట్ల ఉంటే, అది పొరపాటైనా, దాడైనా గ్రిడ్‌కు తేడా తెలియదు. ఇప్పుడు ఆ సెట్టింగును ఏ దేశంలోనో ఉన్న తయారీదారు సర్వర్ నుంచి మార్చగలిగితే? మన దగ్గర 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కోటి ఇళ్లకు సోలార్ పెట్టాలన్నది లక్ష్యం. మీ ఇంటి ఇన్వర్టర్ యాప్ తెరిచి చూడండి, లెక్కలు ముందు ఎక్కడికి వెళ్లి మీ ఫోన్‌కు వస్తున్నాయో.

స్మార్ట్ మీటర్లదీ ఇదే వరస. 2019 జులైలో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్ కరెంటు సంస్థ సిటీ పవర్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్) పడింది. గ్రిడ్‌కు ఏమీ కాలేదు. ప్రీపెయిడ్ రీఛార్జి అమ్మే డేటాబేస్ పోయింది. చలికాలం, నెలాఖరు. రీఛార్జి అయిపోయినవాళ్లకు తీగలో కరెంటు ఉంది, మీటర్లో లేదు. నెలకోసారి పెద్ద మొత్తం వేసుకునేవాడికి ఏమీ తెలియదు. రోజు కూలీ వచ్చాక నాలుగు యూనిట్లు కొనుక్కునేవాడి ఇల్లే ముందు చీకటైపోతుంది. ఏడో లక్ష్యంలో "అందుబాటు ధరలో, నమ్మకంగా" అని ఉన్న మాటకు ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

మన దేశంలోనూ ఒకటి జరిగింది. 2020 ఆగస్టు 12, కృష్ణాష్టమి. ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా ఇళ్లలో స్మార్ట్ మీటర్లు ఒక్కసారిగా కరెంటు ఆపేశాయి. తప్పుడు డిస్‌కనెక్ట్ ఆదేశం వెళ్లింది. పండగ పూట జనం రోడ్డెక్కారు, కొత్త మీటర్లు పెట్టడమే ప్రభుత్వం ఆపించింది. ఇప్పుడు దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల లక్ష్యం నడుస్తోంది. మీటర్ వద్దని నేను అనను. లక్షన్నర మందిని ఒకే ఆదేశం ఆపగలగకూడదంటాను. వెయ్యి దాటితే రెండో మనిషి ఆమోదం కావాలి, అరగంట గడువు ఉండాలి. అది సైబర్ భద్రతే, ఏ యాంటీవైరస్ కంపెనీ అమ్మదు గానీ.

ఇక నీళ్లు. 2023 నవంబర్‌లో అమెరికాలో పెన్సిల్వేనియాలోని అలిక్విప్పా అనే చిన్న పట్నం నీటి సంస్థలో, ఒత్తిడి పెంచే బూస్టర్ స్టేషన్‌లోని పీఎల్‌సీ తెర మీద రాజకీయ నినాదం కనబడింది. ఇరాన్‌తో ముడిపడిన ముఠా పని. ఆ పీఎల్‌సీ తయారుచేసిన కంపెనీ పరికరాలు ఇంటర్నెట్‌లో నేరుగా కనబడుతూ ఉండేవి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ 1111. అలిక్విప్పా వాళ్లు మాన్యువల్‌కు మారి నీళ్లు ఆగకుండా చూసుకున్నారు. కొద్ది రోజులకే ఐర్లాండ్‌లో కౌంటీ మేయోలో, ఊరివాళ్లే కలిసి నడుపుకునే ఒక చిన్న నీటి పథకంలో ఇదే తరహా దాడి జరిగింది. దాదాపు 180 ఇళ్లకు రెండు రోజులు నీళ్లు రాలేదు. మీ ప్రాజెక్టుకు దగ్గరి చుట్టం ఇదే. "మన ఊరి ట్యాంకు మీదికి ఎవడొస్తాడులే" అనే మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వాళ్లు ఆ ఊరి మీద పగతో రాలేదు, ఆ ఊరి పేరు కూడా తెలిసి ఉండదు. తెరిచి ఉన్న తలుపుల జాబితాలో అదొకటి.

ఒక జాగ్రత్త. 2021లో ఫ్లోరిడాలోని ఓల్డ్స్‌మార్‌లో నీళ్లలో కాస్టిక్ సోడా మోతాదును హ్యాకర్ 100 నుంచి 11,100 పీపీఎంకు పెంచాడనే కథ ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ కనబడుతుంది. 2023లో ఆ ఊరి అప్పటి సిటీ మేనేజరే అది ఉద్యోగి పొరపాటని చెప్పారు. 2020 అక్టోబర్ ముంబయి కరెంటు కోత కూడా అంతే. మహారాష్ట్ర ప్రభుత్వం సైబర్ దాడి అంది, కేంద్ర విద్యుత్ మంత్రి మనుషుల పొరపాటన్నారు. ఈ రెండూ మీ పేపర్‌లో నిర్ధారిత ఉదాహరణలుగా పెట్టకండి. వైవాలో దొరికిపోతారు.

మన తెలుగు రాష్ట్రాల సంగతికొస్తే, 2019 ఏప్రిల్ చివర్లో రెండు రాష్ట్రాల డిస్కంల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ వల్ల మూతబడ్డాయి. సరఫరాకు ఏమీ కాలేదు, బిల్లు కట్టే దారి ఆగింది. రాష్ట్రం రెండైనా సర్వర్ల ఏర్పాటు ఉమ్మడిది కావడంతో దెబ్బ ఇద్దరికీ తగిలింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం ఆఫీసు పనులకు వాడే ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) బయటపడింది. అక్టోబర్ 29న కూడంకుళం అధికారులు అలాంటిదేమీ లేదన్నారు, మరునాడు 30న దాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఉందని ఒప్పుకుంది. ఆఫీసు నెట్‌వర్క్, ప్లాంటు నడిపే నెట్‌వర్క్ విడివిడిగా ఉన్నాయి కాబట్టి అక్కడితో ఆగిందని చెప్పింది. నెట్‌వర్కులు విడదీయడం అనే పాత, బోరు కొట్టే పని ఎందుకు చేయాలో ఇది చూపిస్తుంది. ఆ కాదనడం, ఔననడం మధ్య పోయిన నమ్మకం సంగతి వేరే.

చట్టాలు, సంస్థల భాగం మీ పేపర్‌కు కావాలి కాబట్టి ఒక్క పేరాలో చెప్పేస్తాను. ఐటీ చట్టం సెక్షన్ 70 కింద ప్రభుత్వం ప్రకటించిన రక్షిత వ్యవస్థలోకి అనుమతి లేకుండా దూరితే పదేళ్ల దాకా జైలు. 70ఏ కింద కీలక మౌలిక వసతుల రక్షణ కోసం 2014లో ఎన్‌సీఐఐపీసీ అనే కేంద్ర సంస్థ వచ్చింది. సైబర్ ఘటనలు చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఘటన గుర్తించిన 6 గంటల్లో దానికి చెప్పాలి, లాగ్‌లు (సిస్టమ్‌లో ఎప్పుడు ఏం జరిగిందన్న రికార్డులు) 180 రోజులు దాచాలి. విద్యుత్ రంగానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబర్‌లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద కరెంటు రంగం పరిస్థితి ఫర్వాలేదు. మండల స్థాయి నీటి పథకానికి వచ్చేసరికి 6 గంటల్లో ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద నంబరు కూడా ఉండదు. లాగ్‌లు అంటే మా ఆపరేటర్ లాగ్‌బుక్కే.

ఇప్పుడు డబ్బు. ఒక పెద్దాయన, నీటి శాఖలో నిజాయతీగా పనిచేసినాయన, నన్ను నిలదీశారు: "మీరు అడిగే ఫైర్‌వాల్ డబ్బుతో ఇంకో రెండు ఊళ్లకు పైపు వేస్తాను. ఏది అభివృద్ధి?" ఆయన అడిగింది తప్పు కాదు. చాలా రోజులు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడున్నది చెబుతాను.

నల్గొండ ఫ్లోరైడ్ ఊళ్లు తీసుకోండి. అక్కడ నది నీళ్లు పైపులో వస్తేనే జనం బోరు నీళ్లు మానేశారు. పైపు రెండు రోజులు ఆగితే ఏం చేస్తారు? డబ్బున్నవాళ్లు 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటారు. లేనివాళ్లు మళ్లీ బోరు దగ్గరికే పోతారు. అంటే ఆ ఊరికి ప్రత్యామ్నాయం అనేదే విషం. నెలకోసారి అలా ఆగుతూ పోతే, నల్లా ఉన్నా జనం దాన్ని నమ్మరు, బోరు మోటారు తీయరు. పథకం లెక్కల్లో నూరు శాతం కనెక్షన్లు ఉంటాయి. సుస్థిరం అంటే నాకు అర్థమైంది ఇదే: జనం పాత బోరును ధైర్యంగా వదిలేయగలగడం. అపార్ట్‌మెంట్‌లో డీజిల్ జనరేటర్ ఉన్నదీ ఇలాంటి అపనమ్మకం వల్లే.

పైగా ఆ పెద్దాయనకు నేను అడిగేవాటిలో సగానికి డబ్బే అక్కర్లేదు. ప్రతి పంప్‌హౌస్‌కూ వేరే పాస్‌వర్డ్. కాంట్రాక్టరు వెళ్లిపోయిన రోజే అతని లాగిన్ తీసేయడం. రౌటర్‌లో ఇంటర్నెట్ అంతటికీ కనబడే పబ్లిక్ ఐపీ మూసేసి, మన పరికరాలకే పరిమితమైన ప్రైవేట్ ఏపీఎన్ సిమ్ వేయడం. పీఎల్‌సీ ప్రోగ్రాం కాపీ ఒకటి హార్డ్‌డిస్క్‌లో, బీరువాలో. మీరు నవ్వుతారేమో, నేను చూసిన పథకాల్లో చాలావాటికి ఆ కాపీ లేదు, అది పెట్టిన కంపెనీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, ఆ కంపెనీ ఫోన్ ఎత్తదు. పీఎల్‌సీ కాలిపోతే కొత్తది వారంలో వస్తుంది, అందులో ఏం రాయాలో ఎవరికీ తెలియదు.

డబ్బు అడిగే సగం టెండర్‌లో చెడిపోతుంది. బీవోక్యూలో (పనుల, ధరల పట్టికలో) "సైబర్ సెక్యూరిటీ – లంప్‌సమ్" అని ఒక లైను ఉంటుంది. ఎల్1 వచ్చిన, అంటే అందరికంటే తక్కువ ధర వేసిన, కాంట్రాక్టరు దానికి చౌక ఫైర్‌వాల్ పెట్టె ఒకటి ర్యాక్‌లో బిగించి, అన్నిటినీ అనుమతించే రూల్ రాసి, ఫొటో తీసి బిల్లు పెడతాడు. పెట్టె దీపాలు వెలుగుతుంటాయి. కట్టడానికి నిధులు దొరుకుతాయి, నడపడానికి దొరకవు. ఐదేళ్ల నిర్వహణలోనే, ఎవరి లాగిన్లు ఉన్నాయో ఏటా చూపించడం, ప్రోగ్రాం కాపీ డిపార్ట్‌మెంటుకు అప్పగించడం, ఏడాదికోసారి లింకు తీసేసి ఒక రోజు చేత్తో నడిపి చూపించడం షరతులుగా రాయించాలి. చివరిది చేయకపోతే ఆ త్రైమాసికం బిల్లు ఆపాలి. మీ ప్రాజెక్టులో ఇలాంటి నమూనా షరతుల పేజీ ఒకటి తయారుచేస్తే, కృత్రిమ మేధతో దాడులు పసిగట్టే మోడల్ కంటే ఎవరికైనా ఎక్కువ ఉపయోగపడుతుంది. గైడ్ గారికి మోడల్ కావాలంటే అది కూడా పెట్టండి, నేను కాదనను.

ఇంకొకటి. ఐటీ పుస్తకాల పద్ధతులు యథాతథంగా దించకండి. బ్యాంకులో అనుమానం వస్తే అకౌంట్ బ్లాక్ చేస్తారు, తర్వాత చూసుకుంటారు. పంప్‌హౌస్‌లో యాంటీవైరస్ అనుమానంతో స్కాడా ఫైలును పక్కకు నెడితే తెర ఖాళీ అయిపోయి, నడుస్తున్న పంపును ఆపలేని టెన్షన్ మొదలవుతుంది. ఒకసారి పగటిపూట అప్‌డేట్ కోసం కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయి, క్లోరిన్ మోతాదు తెర ఇరవై నిమిషాలు కనబడకుండా పోయిన చోట నేను ఉన్నాను. అందుకే ముందు ఏ పరికరం ఏ పని చేస్తుందో, అది ఆగితే ఎన్ని గంటల నీళ్లు ట్యాంకులో ఉంటాయో లెక్క రాసుకోవాలి. పన్నెండు గంటల నిల్వ ఉన్న ఊరికీ, రెండు గంటల నిల్వ ఉన్న ఊరికీ ఒకే రక్షణ అక్కర్లేదు.

ఇక చివర్లో చెబుతానన్న స్విచ్ సంగతి. ఆధునికీకరణ తర్వాత అదే పంప్‌హౌస్‌కు మళ్లీ వెళ్లాను. కొత్త ప్యానెల్ ముచ్చటగా ఉంది, ఆటో-మాన్యువల్ సెలెక్టర్ స్విచ్ కూడా ఉంది. సంతోషించి తలుపు తెరిచి వైరింగ్ చూశాను. పాత ప్యానెల్‌లో మాన్యువల్ అంటే స్టార్ట్ బటన్ తీగ నేరుగా స్టార్టర్ కాయిల్‌కు పోయేది. కొత్తదాంట్లో స్విచ్ తీగ, బటన్ తీగ రెండూ పీఎల్‌సీ ఇన్‌పుట్‌లోకే పోతున్నాయి. అంటే మాన్యువల్ కూడా పీఎల్‌సీ దయ. అది చచ్చిపోయినా, దానికి ఎవడైనా తాళం వేసినా, ఆపరేటర్ స్విచ్ ఎటు తిప్పినా పంపు కదలదు. డ్రాయింగ్‌లో మాత్రం "మాన్యువల్ మోడ్ అందుబాటులో ఉంది" అని రాసి, సంతకాలు అయిపోయాయి.

కాబట్టి మీరు సైట్‌కి వెళ్లినప్పుడు సాఫ్ట్‌వేర్ జోలికి పోకముందే ఈ పరీక్ష చేయండి. ఏఈ గారి అనుమతి తీసుకోండి, ఎలక్ట్రీషియన్‌ను పక్కన ఉంచుకోండి, ట్యాంకు నిండా ఉన్న పూట చూసుకోండి. పంపు ఆపి, పీఎల్‌సీకి వెళ్లే 24 వోల్ట్‌ల ఫ్యూజ్ తీయించండి. సెలెక్టర్‌ను మాన్యువల్‌కు తిప్పి, స్టార్ట్ నొక్కమని ఆపరేటర్‌కే చెప్పండి, మీరు నొక్కకండి. ఏం జరిగిందో టైముతో సహా ఆయన లాగ్‌బుక్కులో రాయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి. తర్వాత ఫ్యూజ్ మళ్లీ పెట్టించడం మాత్రం మరచిపోకండి, నేను ఒకసారి మరిచాను.